గట్టు దాటిన పిట్ట

నాకు నవ్వు ఆగదు. అదొక జబ్బు. చర్చిలో అయ్యగారు ప్రసంగం మధ్యలో తుమ్మినా నవ్వొస్తుంది, పెళ్ళిలో వియ్యపురాలు అలిగినా నవ్వొస్తుంది. దీనివల్ల చిన్నప్పటి నుంచి తిన్న తిట్లకు లెక్క లేదు. అయితే ఆ నవ్వే ఒకరోజు నా చేతికి తుపాకి తెచ్చిపెట్టింది కాబట్టి దాన్ని ఇప్పుడు ఎవరేమన్నా ఊరుకోను.

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు. ఊరినిండా డేరాలు, డేరాలనిండా ఆఫీసులు. మద్రాసు నుంచి దిగిన ఇంజనీరు వెంకటేశ్వర్లు గారి జీపుకు నా మొగుడు గాబ్రియేలు డ్రైవరు. కోడుమూరు పక్క పల్లె నుంచి వచ్చి హంద్రి ఒడ్డున ఒక గదిలో కాపురం పెట్టాం. ఇంజనీరు గారికి తుపాకి కాల్చే ఆట పిచ్చి. ఇంకో పదిమంది పెద్దమనుషుల్ని పోగుచేసి క్లబ్బు పెట్టి, హంద్రి ఒడ్డున బీడు చదును చేయించారు.

ఆ ఆట చూడటానికి సులువే. బీటికి ఎడమ చివర ఒక ఎత్తు గూడు, కుడి చివర ఒక పొట్టి గూడు. ఆ గూళ్ళలో స్ప్రింగు యంత్రాలు. ఆడేవాడు కేక వేయగానే ఒక్కో గూటిలోంచి నల్లటి మూకుడులాంటి మట్టి పిట్ట రివ్వున లేచి బీటికి అడ్డంగా పోతుంది. అది కింద పడేలోపు కాల్చి పగలగొట్టాలి. రెండు గూళ్ళ మధ్య అర్ధచంద్రంలా ఏడు చోట్ల గీతలు గీసి ఉంటాయి, నడిమధ్యన ఎనిమిదోది. ఒక్కోచోట నిలబడి, కొన్నిసార్లు ఒక్కో పిట్టను, కొన్నిసార్లు రెండు పక్కల నుంచి ఒకేసారి లేచిన రెండింటినీ కొట్టాలి. మొత్తం ఇరవై ఐదు. పిట్టలు ఒకదాన్నొకటి దాటే చోట, బీటి మధ్యలో, గుర్తుకోసం ఎర్రగుడ్డ కట్టిన గుంజ పాతారు.

ఆదివారం సాయంత్రాలు గాబ్రియేలు ఎత్తు గూట్లో కూర్చుని యంత్రం లాగేవాడు. నేను ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి, పగలకుండా పడిన పిట్టల్ని బుట్టకెత్తి తెచ్చేదాన్ని. బుట్ట ఎప్పుడూ నిండుగానే ఉండేది. అంటే పెద్దమనుషుల గురి ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి.

అందరిలోకీ మొనగాడు అయ్యన్న గారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా చేసి దిగినవాడు, క్లబ్బు కమిటీకి పెద్ద. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, మీసాలు తుపాకి మీద ఆనించి గురిపెట్టేవాడు. ఆ రోజు వరసగా ఆరు తప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తూటాలు చెమ్మపట్టాయన్నాడు. ఏడోది కూడా తప్పాక నాకు ఇక ఆగలేదు. బుట్ట కింద పెట్టి పగలబడి నవ్వాను.

"ఏమే, నవ్వేది ఎందుకు?" అని ఉరిమాడాయన.

తక్కిన ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇంజనీరు గారు మాత్రం, "చెప్పమ్మా, ఏం తప్పు కనిపించింది?" అని అడిగారు.

"పిట్ట యాడ కనబడితే ఆడికే కొడ్తాండారు సారూ. మీ గుండు పోయేసరికి అది ఆడ్నే కూచొని ఉంటాదా? అది పోయే సోటికి కదా ఎయ్యాల" అన్నాను.

"బుట్ట మోసేది బందూకు నేర్పుతాండాది సూడండప్పా!" అన్నాడు అయ్యన్న గారు. ఇంజనీరు గారు నవ్వలేదు. రెండు గొట్టాల తుపాకి నా చేతికిచ్చి, భుజానికి ఎలా ఆనించాలో చూపించి, "కొట్టు చూద్దాం" అన్నారు.

మొదటి దెబ్బకు వెనక్కి పడ్డాను. ఈసారి నవ్వడం వాళ్ళ వంతు. రెండో దానికి నిలబడ్డాను కానీ తగల్లేదు. మూడో పిట్ట లేచినప్పుడు తుపాకి సంగతి మరిచిపోయాను. నా చేతిలో ఒడిసెల ఉన్నట్టే పిట్టకు ముందుగా చేయి పోనిచ్చి, ఆపకుండానే మీట నొక్కాను. పిట్ట ఉన్నచోట నల్లటి పొడి మిగిలింది.  నా భుజం నొప్పితో మండుతోంది, కడుపులో మాత్రం పండగలా ఉంది.

ఇందులో వింతేమీ లేదు. మాకు ఊళ్ళో రెండెకరాల జొన్నచేను. ఏడేళ్ళ వయసు నుంచి మంచె మీద నిలబడి పిట్టల్ని తోలినదాన్ని. ఒడిసెలలో రాయి పెట్టి తలచుట్టూ తిప్పి వదిలితే, ఎగిరే చిలక ముక్కుకు బెత్తెడు ముందుగా పోవాలి. చేయి మధ్యలో ఆపితే రాయి కాళ్ళ దగ్గరే పడుతుంది. రెండు కళ్ళూ తెరిచి చూడాలి. ఒక కన్ను మూసుకుంటే ఆ పక్క నుంచి ఇంకో గుంపు వచ్చి కంకుల మీద వాలుతుంది. అయ్యన్న గారు పోలీసు బడిలో నేర్చుకోనిది నాకు మంచె నేర్పింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఇంజనీరు గారు నాకు ఆట నేర్పారు. పిట్ట కనబడేదాకా తుపాకి మడమ, అంటే భుజానికి ఆనే చెక్క, నడుము దగ్గరే ఉండాలి, కనబడ్డాకే చెంపకు చేర్చాలి. అది ఒక్క ఊపులో రావాలంటే రోజూ వందసార్లు ఎత్తి దించమన్నారు. ఇంట్లో తుపాకి ఎక్కడిది? రోకలి ఉంది. పొద్దున్నే రోకలి నడుము దగ్గర పట్టుకుని, దూలం మీద తిరిగే బల్లిని చూసి చెంపకు ఎత్తేదాన్ని. గాబ్రియేలు అన్నం తింటూ తలవంచుకునేవాడు.

"మే, ఆ బల్లి ఏమి పాపం సేసిందే? నన్ను సంపుతావు ముందు" అనేవాడు.

"నువ్వు పిట్ట మాదిరి ఎగురు, కొడతా" అనేదాన్ని.

క్లబ్బులో లెక్క మాత్రం పందొమ్మిది, ఇరవై దగ్గర ఆగిపోయింది. ఎంత గింజుకున్నా ఇంకొకటి పెరగదు. "చివర్లో నీ చేయి ఆలస్యమవుతోందమ్మా, తొందరపడు" అనేవారు ఇంజనీరు గారు. సరే సారూ అనేదాన్ని. నాకు ఆలస్యమేమీ కనిపించేది కాదు. కొట్టాల్సినవన్నీ కొడుతూనే ఉన్నాను కదా!

అంతలో కడపలో పోటీ అని కబురొచ్చింది. ఆట కొత్తగా నేర్చినవాళ్ళకు ప్రత్యేకంగా ఒక కప్పు. నన్ను పంపాలని ఇంజనీరు గారు. కమిటీలో పెద్ద గోలే అయింది. క్లబ్బు మెంబరు కానిదాన్ని ఎలా పంపుతారని అయ్యన్న గారు. మెంబరుగా చేర్చుకుందామంటే సంతకం పెట్టాల్సింది ఆయనే. చివరికి నన్ను పిలిపించి, అందరి ముందూ మీసం దువ్వుకుంటూ చెప్పాడు.

"ఇదొగసారికి పో. కప్పు తెస్తే నా చేత్తో నేనే మెంబరుగా రాసుకుంటా. తేలేదా, తుపాకి ముట్టేది లేదు. మళ్ళా బుట్ట ఎత్తుకోవాల. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా సారూ" అన్నాను. అన్నంత తేలిగ్గా లేదు లోపల. నాలుగు నెలల్లో ఆ తుపాకి నాకు ఎంత కావలసినదయిపోయిందో అప్పుడే తెలిసింది. నా జీవితంలో నేను బాగా చేస్తానని పదిమంది ఒప్పుకున్న పని అదొక్కటే. అది పోతే బుట్ట మోస్తూ, తప్పులు కొట్టేవాళ్ళను చూస్తూ, నోరు మూసుకుని నవ్వు మింగుతూ బతకాలి. ఆ రాత్రి ప్రార్థనలో కప్పు అడగలేదు. తుపాకి ఉండనీ దేవా అని అడిగాను.

కడపకు ఇంజనీరు గారు, అయ్యన్న గారు, మేమిద్దరం జీపులో పోయాం. నంద్యాల దాటాక వడగాలి మొదలై కడప చేరేదాకా వదల్లేదు. పెన్నేరు పక్కన మైదానం, నడుమ మా దగ్గరున్నట్టే ఎర్రగుడ్డ గుంజ. అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి కూడా వచ్చారు. పధ్నాలుగు మంది మగవాళ్ళు, నేనూ. చీర గోచీపోసి కట్టి, భుజం దగ్గర పాత గోనెపట్టా మడిచి కుట్టుకున్నాను. నన్ను చూసి ఎవరో టీ తెమ్మన్నారు. "నాగ్గూడా ఒగటి తెప్పియ్యండి సామీ" అన్నాను.

రెండు విడతలు, విడతకు ఇరవై ఐదు. మొదటి విడతలో గాలి అడ్డం తిరిగింది. లేచిన పిట్టల్ని ఎటుబడితే అటు తోస్తోంది. దొరికినవి కొట్టాను, కొన్ని పోయాయి. లెక్క చెప్పినప్పుడు నాకు పందొమ్మిది. కడప వకీలు ఒకాయనకు ఇరవై రెండు. 

అయ్యన్న గారు గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను ఆయన ముందునుంచి పోతుంటే, "బుట్టకు కొత్త చుట్టకుదురు కావాల్నా?" అని అడిగాడు.  జవాబు ఇస్తే ఏడుపు వచ్చేది. పోయి జీపు నీడలో కూలబడ్డాను.

గాబ్రియేలు నీళ్ళ చెంబు తెచ్చాడు. ఇన్ని నెలలూ వాడు ఎత్తు గూట్లో కూర్చుని యంత్రం లాగేవాడే తప్ప, నేను కొడుతుంటే వెనకనుంచి చూసింది ఎప్పుడూ లేదు. ఈ రోజే చూశాడు. నా పక్కన గొంతుకూర్చుని, "ఒగ మాట అడుగుతా, కోపం సేసుకోవద్దు. కొన్ని పిట్టల్ని కొట్టకుండానే తుపాకి దించేస్తాండావే, ఎందుకే?" అన్నాడు.

"యాటిని?"

"ఇప్పుడు ఆరు దించినావు. నేను లెక్కబెట్టినా. నీ కంటి ముందరనే పోతాండాయి, నువ్వు సూస్తా ఊరకుండావు."

"అవి గుంజ దాటిపాయె గదయ్యా!" అన్నాను. ఇంత తెలియదా అని నాకే కోపం వచ్చింది. "గట్టు దాటినాక అది మన పిట్ట కాదు. పక్కోళ్ళది."

వాడు నోరు వెళ్ళబెట్టాడు.

ఇది మీకు అర్థం కావాలంటే మా మంచెల సంగతి తెలియాలి. చేను పక్కన చేను, మంచెకు ఎదురుగా మంచె. పిట్ట మన చేని మీద ఉన్నంతసేపే మన రాయి. గట్టు దాటిందా, దాన్ని తోలుకోవడం అవతల మంచె మీదవాళ్ళ పని. మనం కొడితే ఆ రాయి పోయి వాళ్ళ కంకుల మీద పడుతుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక చిలకను వెంటాడి గట్టు అవతలికి రాయి విసిరాను. మూడు కంకులు విరిగాయి. ఆ చేని ఆమె సంతోషమ్మ విరిగిన కంకులు పట్టుకుని మా గడప ముందుకొచ్చి, ఊరంతా వినేలా కడిగేసింది. మా అమ్మ చింతబరికతో నా మణికట్టు మీద కొట్టిన దెబ్బలు వారం రోజులు వాచి ఉన్నాయి. ఆ తర్వాత ఎన్నడూ నా చేయి గట్టు దాటలేదు. క్లబ్బులో గుంజ చూడగానే గట్టు అనుకున్నాను. గుంజ దాటాక కూడా కాల్చే పెద్దమనుషుల్ని చూసి, వీళ్ళకు మర్యాద తెలియదు, పెద్దవాళ్ళకు ఎవరు చెబుతారులే అనుకుని ఊరుకున్నాను.

గాబ్రియేలు మోకాళ్ళ మీద కొట్టుకుని నవ్వాడు. మా ఇద్దరిలో ఎక్కువ నవ్వేది నేనే. ఆ రోజు వాడు నన్ను మించిపోయాడు.

"పిచ్చిదానా, ఈడ గట్టూ లేదు, సేనూ లేదు. అంతా ఒగటే బీడు. ఆ పొట్టి గూడు దాకా కొట్టచ్చు."

"నాకూ తెలుస్తాంది. సెయ్యికి తెలియాల గదా!" అన్నాను. నిజమే. వాడు చెప్పినంతలోనే తలకు ఎక్కింది. కానీ మొక్కై వంగనిది మానై వంగుతుందా? గుంజ దగ్గరికి రాగానే ఈ చేయి దానంతట అదే దిగిపోతుందని నాకు తెలుసు. ఇంకో అరగంటలో రెండో విడత. ఈసారి ఏడుపు ఆగలేదు.

 వాడు నా మణికట్టు పట్టుకుని నెమ్మదిగా అడిగాడు. "ఆ పొద్దు నువ్వు రాయి ఏసింది ఎవురి సేన్లోకి?"

"మీ అమ్మ సేన్లోకి."

అవును. ఆ సంతోషమ్మే మా అత్త. నన్ను వీధిలో నిలబెట్టి కడిగిన మనిషే పదేళ్ళకు వచ్చి, ఆ చేయి బలం ఉన్న పిల్లే మా ఇంటికి కావాలని పట్టుబట్టి కొడుక్కి చేసుకుంది.

"మరి ఇప్పుడు గట్టుకు అవతల సేను ఎవురిది? నీది గాదా? నీ సేని మీద వాలే పిట్టను నువ్వు కొట్టకుంటే ఎవురు కొడతారే? ఆ సేనోడు సెప్తాండాడు, ఇను. కొట్టు. కంకులు ఇరిగితే మా అమ్మకు నేను సెప్పుకుంటా."

నవ్వొచ్చింది. ఏడుపులోనే నవ్వొచ్చింది. చెంబులో నీళ్ళు మొహాన కొట్టుకుని లేచాను.

రెండో విడతలో మొదటి పిట్ట గుంజకు ఇవతలే పగిలింది. రెండోది పొట్టి గూటి నుంచి వచ్చి మీద పడుతుంటే పగిలింది. రెండో గీత మీద గాలి ఒక పిట్టను విసిరికొట్టింది. అది గుంజ దాటింది. చేయి దిగబోయింది. నా సేనే, అనుకున్నాను. మీట నొక్కాను. పిట్ట సగానికి విరిగి పడింది. వెనకనుంచి గాబ్రియేలు కేక నాకు వినబడింది. "ఇరగనీలే!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు వాడు ఏ కంకుల గురించి అంటున్నాడో తెలియదు కదా, వింతగా చూశారు.

ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. జంటగా లేచినవాటిని జంటగానే పగలగొట్టాను. ఆరు, ఏడు, ఎనిమిది, ఏ గీత మీదా ఒక్కటి పోలేదు. ఇరవై నాలుగు కొట్టేసరికి కుర్చీల్లోవాళ్ళు లేచి ముందుకొచ్చారు. వకీలు రెండో విడతలో ఇరవై ఒకటి కొట్టాడు. ఆయనకు మొత్తం నలభై మూడు. నాకూ నలభై మూడు. నా చేతిలో ఇంకొక్క తూటా ఉంది.

వరసగా ఇరవై నాలుగూ కొట్టినవాళ్ళు ఇరవై ఐదోదాన్ని ఇష్టమైన చోట నిలబడి కొట్టుకోవచ్చని నియమం. ఇంజనీరు గారు గబగబా వచ్చి, "ఏడో గీతమ్మా. పొట్టి గూటి పిట్ట. పసిపిల్లలు కూడా కొడతారు" అన్నారు. అటే పోబోయాను. అప్పుడే అయ్యన్న గారు పక్కవాడితో అంటున్నాడు. "గాలి కలిసొచ్చింది దానికి. అంతే."

నాకు నవ్వు ఒక జబ్బని చెప్పాను. పొగరు రెండోది. వెనక్కి తిరిగి నాలుగో గీత మీదికి పోయాను. అది అర్ధచంద్రానికి నట్టనడుమ. అక్కణ్ణుంచి చూస్తే పిట్ట ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పూర్తి అడ్డంగా, పూర్తి వేగంతో పోతుంది. ఇంజనీరు గారు తల పట్టుకున్నారు.

"ఎత్తు గూడు" అన్నాను. తుపాకి నడుము దగ్గర పట్టుకుని కేక వేశాను.

పిట్ట లేచింది. దాన్ని కావాలనే గుంజ దాటనిచ్చి కొట్టానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. నిజం ఇది. గాలికి అది ఉన్నట్టుండి పైకి ఎగిరింది, నా చేయి తడబడింది, పిట్ట నన్ను దాటి, గుంజ దాటి పోయింది. పోయింది అనుకున్నాను. నా పాత చేయి అయితే అక్కడే దిగేది. దిగలేదు. పిట్ట వెంట పోయింది, పిట్టను దాటింది, ఇంకా పోతూనే ఉంది. ఆ పోవడంలో ఎప్పుడు మీట నొక్కానో నాకు తెలియదు. పొట్టి గూటికి దగ్గరలో, అందరూ ఆశ వదులుకున్న చోట, మట్టిపిట్ట పొగలా పగిలిపోయింది.

ముందు టోపీ ఎగరేసింది కడప వకీలే. పెద్ద మనసున్నవాడు. గాబ్రియేలు పరుగెత్తుకొచ్చి, ఇంతమంది ముందు ఏం చేయాలో తెలియక, నా చేతిలోంచి తుపాకి తీసుకుని దాన్ని కౌగిలించుకున్నాడు. నేను కళ్ళనీళ్ళతో పగలబడి నవ్వుతున్నాను. ఆ నవ్వును ఎవరూ ఆపమనలేదు.

కప్పు ఇచ్చాక అయ్యన్న గారు నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు. మాట తప్పే మనిషి కాదు, అది మాత్రం ఒప్పుకోవాలి. వెంట తెచ్చిన మా క్లబ్బు మెంబర్ల పుస్తకం తెరిచి కలం తీశాడు. పై వరసల్లో పేర్లు, ఎదురుగా వాళ్ళ వృత్తులు. ఇంజనీరు, వకీలు, డాక్టరు, భూస్వామి, రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. నా పేరు రాశాడు. వృత్తి దగ్గర కలం ఆగింది.

"ఏమి రాయాల? డ్రైవరు భార్య అని రాస్తాలే" అన్నాడు.

"వద్దు సారూ. పిట్టల కాపలా అని రాయండి."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. నేను నవ్వడం లేదు. తల వంచి, రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు కింది వరసలో, గుండ్రటి అక్షరాలతో, "పిట్టల కాపలా" అని రాసి కింద సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా నేను అక్కడే నిలబడ్డాను.